పైకి అంటే ఎటు

ఈ ఊళ్ళో దారి అడిగితే ఎవరూ తూర్పు పడమరలు చెప్పరు. కుడి ఎడమలు కూడా తక్కువే. పైకి వెళ్ళు, కిందికి వెళ్ళు, అంతే. అల్మాటీ వాళ్ళకు ఈ రెండు మాటలూ ఉగ్గుపాలతో వంటబట్టాయి. "బజారుకు పైన, పార్కుకు కింద" అని చెప్పేసి, ఇంత విడమరిచి చెప్పినా అర్థం కాలేదా అన్నట్టు మొహం పెడతారు. ఇరవై ఏళ్ళకు పైగా ఇక్కడే ఉంటున్నదాన్ని, ఇప్పుడు నేనూ అలాగే చెబుతాను, నేనూ అదే మొహం పెడతాను. కానీ పంతొమ్మిదేళ్ళప్పుడు ఆ 'పైకి' అన్న మాట నా చేతికి అందబోతున్న మంచాన్ని తన్నుకుపోయింది.

నా పేరు మవ్జూనా. మాది దుషన్బే, వేరే దేశం. నీటిపారుదల ఇంజనీరింగ్ చదవడానికి వచ్చాను. నాన్న రైలెక్కించేటప్పుడే తేల్చేశాడు, సొంత చెల్లెలు ఉన్న ఊళ్ళో కూతురు హాస్టల్లో ఉండటం ఏమిటని. అలా సలోమత్ అత్తయ్య ఇంట్లో దిగాను. ఆవిడ పాతికేళ్ళ కిందట ఒక కజఖ్ ఆయన్ని చేసుకుని ఈ ఊరొచ్చింది. ఆయన పోయాడు. మిగిలింది నాలుగో అంతస్తులో రెండు గదుల ఇల్లు, పచ్చబజారులో ఎండు పళ్ళు అమ్ముకునే బల్ల, మంచాన పడ్డ అత్తగారు.

వచ్చిన రోజే అత్తయ్య నా పాస్‌పోర్టు తీసుకుంది. ఈ ఊరి దొంగలు ఒంటిమీది గుడ్డలు కూడా వదలరనీ, తన దగ్గరైతే భద్రంగా ఉంటుందనీ చెప్పింది. ఎక్కడ పెట్టిందో చెప్పలేదు. ఆ తర్వాత రోజుకొక కథ చెప్పేది. పాస్‌పోర్టు లేకుండా తిరిగే విదేశీ పిల్లల్ని పోలీసులు ఏం చేస్తారో, ఫలానా తుర్క్‌మెన్ పిల్లను ఎలా పట్టుకెళ్ళారో, అన్నం ముందు కూర్చున్నప్పుడే మొదలుపెట్టేది. "మరి నా పాస్‌పోర్టు నాకిస్తే సరిపోతుంది కదా" అని అడగడానికి నాకు నోరు వచ్చేది కాదు. పెద్దవాళ్ళను అలా అడిగే అలవాటు మా ఇంట్లో లేదు.

ఇంటి నుంచి పన్నెండో నంబరు ట్రాలీబస్సు ఎక్కాలి. ఏడు స్టాపులు. ఎనిమిదో దాంట్లో దిగితే కాలేజీ. మళ్ళీ అదే పన్నెండు, అవే ఏడు, ఇల్లు. మధ్యలో ఎక్కడా దిగకూడదు, ఎవరితోనూ మాట్లాడకూడదు. చలికాలం వచ్చాక బస్సు అద్దాలు లోపల్నుంచి మంచు పట్టేసేవి. ఎవరో గోటితో గీకిన చిల్లులోంచి ఒక దుకాణం తలుపో, ఒక టోపీయో కనిపించేది. ఇంట్లో కిటికీ తీస్తే ఎదురింటి గోడ. ఐదు నెలల్లో నేను చూసిన అల్మాటీ ఇంతే. మా ఊళ్ళో మార్కెట్టు వెనక సందులన్నీ కళ్ళకు గంతలు కట్టినా తిరిగే పిల్లను, ఇక్కడ గానుగెద్దునైపోయాను.

ఇంటికొచ్చాక పని ఉర్కియా అవ్వది. అత్తయ్య అత్తగారు ఆవిడే. ముప్పై ఒక్కేళ్ళు ట్రాములో కండక్టరుగా చేసింది. ఆరేళ్ళ కిందట ఎడమ పక్కంతా పడిపోయింది, నోరు మాత్రం పడిపోలేదు. మూడు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే వీపు పుండు పడుతుంది. తుడవాలి, బట్టలు మార్చాలి, తినిపించాలి. నేను కాలేజీలో ఉండగా పక్కింటావిడ ఒక్కసారి వచ్చి తిప్పి పోయేది, అంతకు మించి ఆవిడకు కుదరదు. మా ఇద్దరి మధ్యా భాష రష్యన్, ఇద్దరిదీ వచ్చీరానిదే. నేను చెంచా తొందర తొందరగా నోటికి అందిస్తే, "ఇంకా ఎక్కేవాళ్ళున్నారు పిల్లా, అప్పుడే బండి కదిలించకు" అనేది. నిజం చెప్పాలంటే ఆ ఇంట్లో నన్ను నవ్వించింది ఆవిడొక్కతే. అయినా సాయంత్రం ఆరింటికి ఆవిడ బరువు నా భుజం మీద పడ్డప్పుడల్లా, నాలుగేళ్ళు ఇలాగే గడపాలా అనిపించేది.

అందుకే సెప్టెంబరులోనే ఎవరికీ చెప్పకుండా కాలేజీలోనే హాస్టలు లిస్టులో పేరు రాయించాను. జనవరిలో ఒక బుధవారం హాస్టలు చూసుకునే లిదియా పావ్లోవ్నా కాలేజీకి వచ్చి నన్ను పిలిచింది. నారిన్ ఊరి పిల్లకు పెళ్ళయిపోయింది, మూడో అంతస్తులో మంచం ఖాళీ, లిస్టులో మొదటి పేరు నాదే. శుక్రవారం సాయంత్రం ఐదులోపు పాస్‌పోర్టు పట్టుకుని నేనే స్వయంగా హాస్టలుకు రావాలి. ఐదు దాటితే తర్వాతి పేరు, ఓష్ ఊరి పిల్లది. "కాపీలు గీపీలు తేకు" అని కూడా చెప్పింది.

ఆ సాయంత్రం అత్తయ్య బజారు నుంచి వచ్చి, ఊలు బూట్లు విప్పి, కాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకుంది. వేళ్ళు నీలంగా ఉన్నాయి. నేను పక్కన నిలబడి నేలను చూస్తూ విషయం చెప్పాను. ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండేది.

"నీకేం తక్కువ చేశానే?" అంది. "పో, నేనేం కట్టేశానా. మీ నాన్నకు మాత్రం నువ్వే ఫోన్ చేసి చెప్పు, అత్తయ్య ఇంట్లో ఉండలేక పరాయివాళ్ళ మధ్య పడుకుంటున్నానని."

కాసేపటికి నీళ్ళు చల్లారాయి. కాళ్ళు తీయకుండానే మళ్ళీ అంది, ఈసారి మెల్లగా.

"పొద్దున ఆరింటికి పోతే రాత్రి ఏడింటికి వస్తా. ముసలమ్మని ఎవరు తిప్పుతారో నువ్వే చెప్పు. ఒక్క పేరు చెప్పు చాలు, పాస్‌పోర్టు ఇప్పుడే నీ చేతిలో పెడతా."

నా దగ్గర పేరు లేదు. ఆవిడ దగ్గరా లేదు. అత్తయ్యను నేను రాక్షసి అనుకుని ఉంటే ఆ రాత్రి హాయిగా ఏడ్చి నిద్రపోయేదాన్ని. అలా అనుకోవడానికి కూడా ఆ నీలం వేళ్ళు అడ్డొచ్చాయి. గురువారమంతా ఇల్లు వెతికాను. పరుపుల దొంతరలు, బియ్యం డబ్బా, ఎండు ఖుబానీ పళ్ళ సంచులు, అన్నీ. దొరకలేదు.

శుక్రవారం ఒంటిపూట క్లాసులే. వచ్చి సూపు వేడిచేసి అవ్వ పక్కన కూర్చున్నాను. ఎంత ఆపుకుందామన్నా కళ్ళలోంచి నీళ్ళు గిన్నెలో పడుతూనే ఉన్నాయి. అవ్వ రెండు చెంచాలు తాగి మూతి తిప్పుకుంది.

"ఉప్పు సరిపోయింది, ఇంక ఏడవకు. నన్ను గోడవైపు తిప్పు."

ఇందాకే కదా తిప్పానంటే, తిప్పమన్నప్పుడు తిప్పు అని కసిరింది. తిప్పాను.

"ఇప్పుడు పరుపు కింద చెయ్యి పెట్టు. ఇంకా లోపలికి. నడుం కింద."

ప్లాస్టిక్ కవరు చేతికి తగిలింది. తీశాను. నా పాస్‌పోర్టు. ఐదు నెలలుగా రోజుకు నాలుగుసార్లు ఆవిణ్ణి ఎత్తి తిప్పినదాన్ని నేనే. ఇల్లంతా గాలించినదాన్నీ నేనే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు.

"నాకెందుకు చెప్పలేదవ్వా?"

"ఎందుకు చెప్తా? నువ్వు పోతే నన్నెవరు తిప్పుతారు?" గోడకేసి చూస్తూనే అంది. "ఇవాళెందుకు చెప్పానని మాత్రం అడగొద్దు. నాకే తెలీదు. టైమెంతయింది?"

ఒకటిన్నర. హాస్టలు ఎక్కడో నాకు తెలియదని చెప్పాను. పసుపు హాస్టలే కదా, దాని ముందునుంచి ఎన్ని వేలసార్లు పోయానో అంది. ఆవిడ గొంతే మారిపోయింది. మంచం మీద పడి ఉన్న మనిషి గొంతు కాదది, నిండిన బండిలో చివరి సీటు దాకా వినబడే గొంతు.

"పన్నెండులో ఎక్కు. నాలుగో స్టాపు, కమ్యూనిస్టు వీధి. అక్కడ దిగు. దిగి ఆ వీధి పట్టుకుని పైకి పో. ఎక్కడా తిరక్కు, వీధి అయిపోయేదాకా పైకే. అయిపోయిన చోట కుడి చేతికి తిరుగు, నాలుగో ఇల్లు, పసుపుది. నడిచినా నలభై నిమిషాలు పట్టదు. ముప్పై ఒక్కేళ్ళు ఈ ఊళ్ళో దారి చెప్పా. నేను చెప్పాక తప్పిపోయిన మనిషి లేదు."

ఆవిణ్ణి మళ్ళీ కిటికీవైపు తిప్పి, టీ ఫ్లాస్కు మంచి చేతికి అందేలా పెట్టాను. ఒక సంచిలో రెండు జతల బట్టలు, పుస్తకాలు సర్దుకున్నాను. ఏం చెప్పాలో తెలియక ఆవిడ నుదుటి మీద ముద్దుపెట్టాను. పోవే, టైమవుతోంది అంది.

నాలుగో స్టాపులో దిగాను. దారి మధ్యలో దిగడం అదే మొదటిసారి. వీధి పలక మీద 'అబ్లాయ్ ఖాన్' అని ఉంది. కమ్యూనిస్టు వీధి ఎక్కడని ఒక అమ్మాయిని అడిగితే, కమ్యూనిస్టులు పోయి పన్నెండేళ్ళయిందక్కా అని నవ్వుకుంటూ పోయింది. రెండో మనిషికీ తెలియదు. చేప సంచీ పట్టుకున్న ఒక ముసలాయన మాత్రం ఆగి, కర్రతో నేలమీద తట్టి, నువ్వు నిలబడ్డదే అది అన్నాడు. పేర్లు మార్చినంత మాత్రాన వీధి మారిపోతుందా అని కూడా ఏదో అన్నాడు. నేను వినలేదు. సంతోషం పట్టలేకపోయాను. అక్కడే ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే ఈ కథ లేదు.

కానీ ఇంకేం అడగాలి? పైకి అంటే ఎటో నాకు తెలుసు. మా దుషన్బేలో ఎవర్నడిగినా చెబుతారు, పైకి అంటే ఉత్తరం. కొండలు అటే, వర్జోబ్ నది వచ్చేదీ అటునుంచే. కాలేజీ వరండాలో వేలాడే ఊరి పటంలో కూడా పైన ఉండేది ఉత్తరమే. సెప్టెంబరులో ఈ ఊరి కొండలు చూశాను, అబద్ధమెందుకు. చూసి, అబ్బ ఎంత మంచో అనుకున్నాను తప్ప అవి ఎటున్నాయో పట్టించుకోలేదు. ఆ రోజైతే బొగ్గు పొగా మంచూ కలిసి ఊరి మీద దుప్పటి కప్పినట్టు ఉంది. వంద అడుగుల అవతల ఇల్లు కూడా లేదు. సరే, నా బస్సు పడమరకు పోతుంది, అంటే కుడిచేతి వైపు ఉత్తరం. ఇంజనీరింగ్ పిల్లను, ఆ మాత్రం లెక్క రాదా? కుడిచేతి వైపు తిరిగి నడక మొదలుపెట్టాను.

మొదటి పావుగంట నా జీవితంలో అంత హాయిగా ఎప్పుడూ నడవలేదు. ఒక బేకరీ, ఒక బూట్ల దుకాణం, పిల్లల్ని మంచు మీద జారే స్లెడ్జీ బండ్ల మీద లాక్కెళ్ళే తల్లులు. ఎవరూ నన్ను పట్టుకెళ్ళలేదు. ఒక పోలీసాయన ఎదురొస్తే పాస్‌పోర్టు ఉన్న జేబు మీద చెయ్యేసి తల పైకెత్తి నడిచాను. ఆయన నన్ను చూడనేలేదు. అడుగులు వాటంతటవే పడుతున్నాయి. మంచు మీద కాళ్ళు జారుతున్నాయి, అదీ ముందుకే. దారి పల్లానికి పోతోందని కాళ్ళు చెబుతూనే ఉన్నాయి. నీళ్ళు ఎటు పారతాయో చదువుకోవడానికి దేశం దాటి వచ్చిన పిల్లను నేను, సొంత కాళ్ళ మాట వినలేదు.

వీధి నిజంగానే అయిపోయింది. ఎదురుగా పెద్ద మైదానం, దాని అవతల రైల్వే స్టేషను. అవ్వ స్టేషను గురించి చెప్పలేదే అనిపించింది. అయినా వీధి అయిపోయిన చోట అంది కదా. కుడి చేతికి తిరిగి లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. నాలుగోది పసుపు. నా కర్మ కాకపోతే ఆ నాలుగో ఇంటికి ఇంకే రంగూ దొరకలేదా?

లోపల గాజు కిటికీ వెనక ఒకావిడ ఊలు అల్లుతోంది. ఇది హాస్టలేనా అని అడిగాను. అవునంది. మంచం కోసం వచ్చానన్నాను. ఇన్‌చార్జి భోజనానికి వెళ్ళాడు, కూర్చోమంది. ఇన్‌చార్జి ఆవిడ కదా, ఆయనెప్పుడయ్యాడని అడగాల్సింది. అడగలేదు. మెట్ల మీద సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వెచ్చగా ఉంది, ఎక్కడో క్యాబేజీ ఉడుకుతోంది. ఇకనుంచి నా ఇల్లు ఇది అనుకుని ఆ గోడలకేసి, ఆ మెట్లకేసి ప్రేమగా చూసుకున్నాను. బస్సు దిగేసరికే రెండుంబావు, స్టేషను చేరేసరికి మూడు. ఇన్‌చార్జి వచ్చేసరికి మూడూ యాభై.

అది రైల్వే సిబ్బంది విశ్రాంతి తీసుకునే హాస్టలు. నువ్వు ఏ బండిలో పని చేస్తావని ఆయన అడిగినప్పుడు గానీ నాకు తెలియలేదు. కాలేజీ పేరు చెప్పాను, లిదియా పావ్లోవ్నా పేరు చెప్పాను, ఐదింటి సంగతి చెప్పాను.

"పైకి వెళ్ళమన్నారండీ. నేను పైకే వచ్చా."

"ఇది పైనా?" ఆయన కిటికీ వెనకున్న ఆవిడకేసి చూశాడు. "అమ్మాయ్, ఇంతకంటే కింద ఇంక ఊరే లేదు. పైకంటే కొండల వైపు."

"కొండలేవి?"

ఆయన నన్ను గుమ్మం దాకా తీసుకొచ్చి, నేను వచ్చిన వీధికేసి, ఆ పొగలోకి వేలు చూపించాడు. నాకేం కనబడలేదన్నాను.

"మాకూ కనబడవు. ఉన్నాయని తెలుసంతే."

నవ్వలేదాయన. ఆరో నంబరు ట్రాలీ ఎక్కమని, చివర్లో దిగమని చెప్పి, ఎక్కేదాకా పక్కనే నిలబడ్డాడు. ఇంకా గంట టైముంది, అందుతావులే అన్నాడు. అందేదాన్నే. సగం దారిలో చలికి పైన కరెంటు తీగలు బిగుసుకుని, వాటికి తగిలించిన బండి కర్రలు ఊడిపోయాయి. డ్రైవరు దిగి తాడు పట్టుకుని లాగుతున్నాడు, జనం తాపీగా పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకుంటున్నారు. ఎవరికీ తొందర లేదు. తలుపులు కరెంటు లేక మూసుకుపోయి ఉన్నాయి. ఆ అద్దాల్లోంచి బయటికి చూస్తూ ఇంక నిలబడలేకపోయాను. తలుపు మీద గుద్దాను. దుక్కలాంటి ఒకావిడ తన భుజంతో రెక్కను నెట్టి నన్ను బయటికి వదిలింది.

తర్వాతంతా ఎక్కుడు దారి. ఈసారి కాళ్ళ మాట విన్నాను, ఎటు నడిస్తే ఆయాసం వస్తుందో అటు నడిచాను. జారి రెండుసార్లు పడ్డాను. పన్నెండో ట్రాలీ దాటే చోటు వచ్చింది, నేను మధ్యాహ్నం నిలబడ్డ చోటే. గడియారం ఐదుకు పది చూపిస్తోంది. అక్కణ్ణుంచి అవ్వ చెప్పినట్టే, వీధి అయిపోయేదాకా, కుడి చేతికి, నాలుగో ఇల్లు. పసుపుది. ముసలామె చెప్పినదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు.

ఐదూ ఇరవై. లిదియా పావ్లోవ్నా కోటు వేసుకుని తాళాలు సంచిలో పెట్టుకుంటోంది. నా మోకాళ్ళ మీది మంచును చూసింది, గడియారం చూసింది.

"ఐదూ పన్నెండు దాకా ఆగా. ఆ ఓష్ పిల్ల మూడింటి నుంచి మెట్ల మీద కూర్చునుంది."

నేనూ మూడింటి నుంచి మెట్ల మీదే కూర్చున్నానని చెప్పలేదు. చెప్పి ఏం లాభం? గదైనా చూస్తానన్నాను. ఎందుకో ఒప్పుకుంది. మూడో అంతస్తు, తలుపు తీసే ఉంది. మూడు మంచాలు. కిటికీ పక్క మంచం మీద ఒక సన్నటి పిల్ల ఇంటినుంచి తెచ్చుకున్న పరుపు విప్పుకుంటోంది. నన్ను చూసి, పక్క గది అమ్మాయిననుకుందేమో, లోపలికి రా అక్కా, టీ తాగుదాం అంది. తలుపు దగ్గర్నుంచే తిరిగొచ్చేశాను.

తిరుగు దారంతా అవ్వను తిట్టుకున్నాను. ఆవిడ పైకీ కిందికీ మట్టి కొట్టుకుపోను, కొండలవైపు అని ఒక్క మాట చెబితే నోరు అరిగిపోయేదా? ముప్పై ఒక్కేళ్ళు ఎవర్నీ దారి తప్పించలేదట. ఇంటికి పోగానే మొహం మీద అడిగేస్తాను అనుకున్నాను. అన్ని మాటలూ రష్యన్‌లో సరిచూసుకున్నాను, వ్యాకరణంతో సహా. ఆ క్షణంలో ఆవిణ్ణి నేను నిజంగా ద్వేషించాను.

ఆరున్నరకు తలుపు తీశాను. అత్తయ్య ఇంకా రాలేదు. ఇల్లంతా చీకటి. దీపం వేశాను. ఫ్లాస్కు నేల మీద దొర్లి ఉంది, టీ కార్పెట్టు మీద ఎండిపోయింది. అవ్వ నేను వదిలిన పక్కకే ఉంది, మంచి చెయ్యి మంచం అంచు పట్టుకుని ఉంది. దుప్పటి తడిసింది. ఐదు గంటలు. ఎవర్నీ పిలవలేదు. పిలిస్తే పక్కింటివాళ్ళు వస్తారు, వస్తే నేను లేనని తెలుస్తుంది, అత్తయ్యకు కబురు పోతుంది. అందుకని గొంతెత్తలేదు.

"ఎవరూ?" అంది.

"నేనే అవ్వా."

తర్వాత చాలా చిన్న గొంతుతో అడిగింది.

"దారి తప్పిపోయావా? నేను తప్పు చెప్పానా?"

పొయ్యి దగ్గర నీళ్ళు పెడుతూ ఆ ప్రశ్న విన్నాను. సరిచూసుకున్న మాటలన్నీ నాలుక మీదే ఉన్నాయి. తిరిగి చూశాను. ఆరేళ్ళుగా ఆ మనిషికి కాలు లేదు, చెయ్యి లేదు, ఊరు లేదు. ఉన్నదల్లా ఆ దారులే. వాటిని కూడా నేను లాక్కుంటే ఇంకేం మిగులుతుంది?

"లేదవ్వా. నువ్వు చెప్పినట్టే ఉంది. కుడి చేతికి నాలుగోది, పసుపుది. గది చూశా, మంచం చూశా." అక్కడ ఆగాల్సింది. ఆగితే మరి ఎందుకొచ్చావని అడుగుతుంది కదా. "నిన్ను వదిలి ఉండలేననిపించింది. వచ్చేశా."

అవ్వ మొహం గోడవైపు తిప్పుకుంది. మంచం వణుకుతోంటే చలికేమో అనుకున్నాను. ఏడుస్తోంది. ఐదు నెలల్లో ఆవిడ ఏడవడం చూడలేదు. పిచ్చిదానా, పిచ్చిదానా అని కజఖ్‌లో అంటూనే ఉంది, ఆ మాట నాకు అప్పటికే తెలుసు. నేను తడి దుప్పటి తీసి, ఒళ్ళు తుడిచి, పొడి బట్టలు వేశాను.

అత్తయ్య వచ్చాక అవ్వే అంతా చెప్పింది. దాచలేదు. పాస్‌పోర్టు తానే ఇచ్చానంది, తానే పొమ్మన్నానంది. "గుమ్మం దాకా పోయి నాకోసం వెనక్కొచ్చింది. నా కడుపున పుట్టినవాడు కూడా ఇంత చెయ్యలేదు." అత్తయ్య కోటు విప్పకుండా నాకేసి చూసింది. నా మోకాళ్ళ దగ్గర చిరిగిన మేజోళ్ళకేసీ చూసింది. ఏం అర్థమైందో తెలియదు. నా నుదురు ముద్దుపెట్టుకుని, పెద్ద కిస్‌మిస్ సంచి విప్పి ఒక గిన్నె నిండా నా ముందు పెట్టింది.

మర్నాడు పొద్దున లేచేసరికి నా పాస్‌పోర్టు గాజు బీరువాలో ఉంది. పండగ టీ గిన్నెల పక్కన, నిలబెట్టి, బొమ్మ పెట్టినట్టు. ఆ బీరువాకు తాళమే లేదు. ఎక్కడికి పోవాలన్నా తీసుకెళ్ళు, నీదే కదా అంది అత్తయ్య. ఆదివారాలు ఊరు తిరిగి రమ్మని కూడా చెప్పింది. తిరిగాను. పైకీ తిరిగాను, కిందికీ తిరిగాను, పొగ విడిపోయాక కొండలూ చూశాను. ఎంత దూరం పోయినా ఆరింటికల్లా ఇంట్లో ఉండేదాన్ని. ఎవరూ ఉండమనలేదు. అవ్వ మాత్రం చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళకూ నన్ను పిలిచి చూపించేది, ఆ శుక్రవారం కథ మొదట్నుంచీ చెప్పేది. చెప్పిన ప్రతిసారీ నేను తల వంచుకుని టీ పోసేదాన్ని. వాళ్ళు అది సిగ్గనుకునేవాళ్ళు.

ఏప్రిల్లో లిదియా పావ్లోవ్నా మళ్ళీ కబురు పెట్టింది. ఇంకో మంచం ఖాళీ అయింది, ఈసారీ శుక్రవారం ఐదులోపే. ఇప్పుడు నాకు దారి తెలుసు, ఏ బండి ఎక్కాలో తెలుసు, ఇంటి నుంచి ముప్పై ఐదు నిమిషాలు. మధ్యాహ్నం మూడింటికి బీరువా ముందు నిలబడి గాజు తలుపు తీశాను. లోపల గదిలో పక్కింటావిడ కూర్చుని ఉంది. అవ్వ ఆవిడకు చెబుతోంది, "మంచం కూడా చూసిందట, కిటికీ పక్కది. అయినా వచ్చేసింది." నేను టీ గిన్నెలు ఒక్కొక్కటే తీసి తుడిచాను. పాస్‌పోర్టు కూడా తీసి, దుమ్ము తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టాను.

ఎందుకు రాలేదని లిదియా పావ్లోవ్నా సోమవారం అడిగింది. ఇంట్లో మనిషి ఉందన్నాను. లిస్టులోంచి పేరు తీసెయ్యనా అంది. తీసెయ్యమన్నాను. ఆ శుక్రవారం ఐదు గంటలకు నేను అవ్వ నడుం కింద చెయ్యి పెట్టి, ఎత్తి, ఆవిణ్ణి గోడవైపు తిప్పుతున్నాను.